ఏ ఇరవయ్యారు?



ఈ పేజీలో మామూలుగా పరీక్షల ఒత్తిడి గురించో, ఫోన్ల వాడకం గురించో, టిఫిన్ బాక్సు గురించో చదువుతుంటాం. ఈ నెల నేను సైకిల్ టైరు గురించి రాస్తున్నాను. పిల్లల చదువుకూ దీనికీ ఏం సంబంధం అనుకోకండి. మా ఇంట్లో ఒక టైరు మీది అంకె సరిగా చదవకపోవడం వల్ల, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి చేతికి స్కూటీ తాళం దాదాపు వెళ్ళిపోయింది.

మాది బైరెడ్డిపల్లె మండలంలో ఒక పల్లె. నేను పాల సేకరణ కేంద్రంలో పనిచేస్తాను. మా బడి బస్సు మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది. మా ఇంటి నుంచి అక్కడికి ఒకటిన్నర కిలోమీటరు. మా అమ్మాయి సైకిల్ మీద వెళ్ళి, తెలిసినవాళ్ళ కొట్టు పక్కన దాన్ని నిలిపి, బస్సెక్కుతుంది. ఈ ఏడాది బడి తెరిచిన కొత్తలో వెనక టైరు పక్కన చీలింది. నేను వేరే పని మీద టౌనుకు పోయినప్పుడు ఒక సైకిల్ షాపులో "ఇరవయ్యారు సైజు టైరు ఇవ్వండి" అని అడిగి తెచ్చాను. అడిగింది ఇచ్చారు, వాళ్ళ తప్పేమీ లేదు.

ఊళ్ళో పంచర్లు వేసే అబ్బాయి దాన్ని చేతిలోకి తీసుకోగానే తల అడ్డంగా ఊపాడు. "ఇది గేరు సైకిల్ టైరు కదక్కా. పాప సైకిల్‌కు కూచోదు" అన్నాడు.

"రెండిటి మీదా ఇరవయ్యారే ఉంది కదప్పా!" అన్నాను.

"ఇరవయ్యారేనక్కా. అయితే ఏ ఇరవయ్యారు?" అన్నాడు.

పాలలో వెన్న శాతం ఒక్క పాయింటు తేడా వస్తే రైతుకు లెక్క చెప్పుకోవాల్సిన ఉద్యోగం నాది. అలాంటిదాన్ని, పాత టైరు మీద 26 × 1 3/8 అని, కొత్త టైరు మీద 26 × 1.95 అని ఉన్నా ముందున్న 26 మాత్రమే చూశాను. వెనక ఉన్నది చూడలేదు.

మళ్ళీ టౌనుకు పోవడానికి తీరిక దొరకలేదు. సైకిల్ మెట్ల కింద చేరింది. ఆరు వారాలు అమ్మాయిని నా స్కూటీ మీద దింపాను. నాకు ఆలస్యమైన రోజు తనకు బస్సు తప్పింది. ఒక రాత్రి ఇంట్లో అందరూ కలిసి తేల్చేశారు: "స్కూటీ తాళం దానికే ఇస్తే పోలా? పక్కింటి పిల్లోడు తోలడం లేదా?" నేను కూడా సరే అనబోయాను. పధ్నాలుగేళ్ళ పిల్ల. ఆలోచించండి, ఇదంతా ఒక టైరు దగ్గర మొదలైంది.

అంగుళాలు పేరు మాత్రమే

ఆ తరువాత కూర్చుని ఈ సంగతి నేర్చుకున్నాను. మీకు రెండు నిమిషాల్లో చెప్పగలను.

సైకిల్ టైరు మీద రెండు రకాల అంకెలు ఉంటాయి. మొదటివి అంగుళాల్లో ఉంటాయి: 26 × 1 3/8, 24 × 1.75, 28 × 1 1/2 లాంటివి. రెండోవి మిల్లీమీటర్లలో ఉంటాయి: 37-590, 50-559, 40-635 లాంటివి. ఇవి చిన్న అక్షరాల్లో, చాలాసార్లు బ్రాకెట్లలో, టైరు రంగులోనే ఉబ్బెత్తుగా ఉంటాయి. వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకుంటే కనిపిస్తాయి. ఈ మిల్లీమీటర్ల పద్ధతిని ఈటీఆర్‌టీఓ అనే ఐరోపా సంస్థ పేరుతో పిలుస్తారు. ఐఎస్ఓ 5775 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఇదే.

37-590 అంటే గాలి పట్టిన టైరు వెడల్పు సుమారు 37 మిల్లీమీటర్లు. టైరు అంచు రిమ్ములో కూర్చునే చోట వ్యాసం 590 మిల్లీమీటర్లు. టైరు రిమ్ముకు పడుతుందా లేదా అన్నది తేల్చేది ఆ వెనక ఉన్న మూడంకెల సంఖ్యే. టైరు మీదా రిమ్ము మీదా ఆ సంఖ్య ఒకటే అయితే పడుతుంది. వేరైతే పట్టదు. దీనికి మినహాయింపు లేదు.

మరి 26 సంగతేమిటి? అది పాతకాలంలో చక్రం మొత్తం ఎత్తు, అంటే టైరుతో కలిపి నేల నుంచి పైదాకా ఉన్న కొలత. 26 అంగుళాలంటే 660 మిల్లీమీటర్లు. చక్రం ఎత్తు మారకుండా లావు టైరు వేయాలంటే రిమ్ము చిన్నది కావాలి. అందుకే ఒకే "26" పేరుతో రకరకాల రిమ్ములు వచ్చాయి. ఇదిగో లెక్క, మీ పిల్లల చేత చేయించండి:

26 × 1 1/4: రిమ్ము 597. టైరు మందం రెండు వైపులా 32, 32. మొత్తం 661.
26 × 1 3/8: రిమ్ము 590. రెండు వైపులా 35, 35. మొత్తం 660.
26 × 1 1/2: రిమ్ము 584. రెండు వైపులా 38, 38. మొత్తం 660.
26 × 2 లాంటి దశాంశం టైర్లు: రిమ్ము 559. రెండు వైపులా 50, 50. మొత్తం 659.

చక్రం ఎత్తు అంతా ఒకటే, రిమ్ములు మాత్రం నాలుగు. తరువాతి కాలంలో ఒకే రిమ్ము మీద సన్నవీ లావువీ రకరకాల టైర్లు వేయడం మొదలైంది. దాంతో బయటి కొలత నిజం కాకుండా పోయింది, పేరు మాత్రం మిగిలింది. మా అమ్మాయిది లేడీస్ సైకిల్, రిమ్ము 590. నేను తెచ్చింది 559. తేడా 31 మిల్లీమీటర్లు. దాన్ని ఎక్కించడం ఎవరి తరమూ కాదు.

పెద్ద అంకె ఉంటే పెద్ద రిమ్ము అనుకోవడానికి కూడా లేదు. ఇప్పుడు కొత్తగా వస్తున్న 27.5 సైకిల్ రిమ్ము 584. అంటే మా అమ్మాయి "26" కంటే 6 మిల్లీమీటర్లు చిన్నది. 29 అని గొప్పగా అమ్మే సైకిల్ రిమ్ము 622. మన తాతలు పాల క్యాన్లు కట్టుకుని తొక్కిన 28 × 1 1/2 సైకిల్ రిమ్ము 635, అంటే 29 కంటే పెద్దది.

గాజుల కొలత తెలిసినవాళ్ళకు ఇది తెలుసు

ఇంట్లో ఆడవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. గాజుల షాపులో రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అంటాం. డబ్బా మీద 2.4, 2.6, 2.8 అని రాసి ఉంటుంది. అది దశాంశం కాదు. 2.6 అంటే రెండు అంగుళాల మీద పదహారింట ఆరు వంతులు. అందుకే గాజుల్లో 2.8 కంటే 2.10 పెద్దది. బడిలో అలా రాస్తే మార్కులు పోతాయి, షాపులో అదే సరైన లెక్క. కొలతను అది పుట్టిన చోటి లెక్కతోనే చదవాలి.

టైర్లలోనూ అంతే. భిన్నంలో రాసిన సైజు, దశాంశంలో రాసిన సైజు చూడటానికి దగ్గరగా ఉన్నా, గణితంలో సమానమే అయినా, ఒకదానికి బదులు ఒకటి పనికిరాదు. చిన్నపిల్లల సైకిళ్ళలోనూ ఇదే గొడవ ఉంది. 24 × 1 3/8 రిమ్ము 540, 24 × 1.75 రిమ్ము 507. 20 × 1 3/8 రిమ్ము 451, 20 × 1.75 గానీ 20 × 2.125 గానీ అయితే 406.

ఆరు మిల్లీమీటర్లకు ఏమవుతుంది?

చాలామంది అడిగే ప్రశ్న ఇదే. రబ్బరు కదా, సాగదా? ట్యూబు సాగుతుంది. అందుకే ట్యూబు సైజు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. మామూలు టైరు అంచులో మాత్రం ఉక్కు తీగ ఉంటుంది. అది సాగకూడదు. గాలి నింపినప్పుడు టైరు రిమ్ము మీదనుంచి లేచిపోకుండా పట్టి ఉంచేది ఆ తీగే. గాజు లాంటిదే అనుకోండి, బలవంతం చేస్తే సాగదు, విరుగుతుంది.

వ్యాసంలో 6 మిల్లీమీటర్ల తేడా ఉంటే చుట్టుకొలతలో దాదాపు 19 మిల్లీమీటర్లు వస్తుంది. 584 టైరును 590 రిమ్ము మీదికి స్క్రూడ్రైవర్లతో తోసి ఎక్కించాలని చూస్తే తీగ దెబ్బతింటుంది, ట్యూబు చిరుగుతుంది. అది కనబడే నష్టం. దీనికి తిరగబడిన పొరపాటు ఇంకా ప్రమాదం. 635 టైరును 622 రిమ్ము మీద వేస్తే చాలా సులువుగా ఎక్కుతుంది. చుట్టుకొలతలో 41 మిల్లీమీటర్ల వదులు ఉంటుంది మరి. షాపులో "28 టైరు" అని అడిగి, ఇంట్లో ఉన్న 700సి హైబ్రిడ్ సైకిల్‌కు వేస్తే జరిగేది ఇదే. 700సి అంటే 622. ఆ సైజు టైర్ల మీద కూడా కొన్నిసార్లు 28 × 1.60 లాంటి పేరు ఉంటుంది కాబట్టి పొరపాటు పడటం తేలిక. వదులుగా కూర్చున్న టైరు గాలి నింపుతుండగానే ఒకవైపు లేస్తుంది, లేదా దిగుడులో బ్రేకు వేసినప్పుడు అంచు బయటికొచ్చి ట్యూబు పేలుతుంది. ముందు చక్రమైతే పిల్ల ముఖం మీద పడుతుంది. సులువుగా ఎక్కిందని సంతోషించకండి, సులువుగా ఎక్కిన టైరునే ముందు అనుమానించండి.

మూడంకెల సంఖ్య కలిశాక వెడల్పు చూడాలి. ఒకే రిమ్ము మీద కాస్త సన్నవీ కాస్త లావువీ టైర్లు వేయవచ్చు. రిమ్ము లోపలి వెడల్పుకు సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉన్న టైరు సాధారణంగా బాగా కూర్చుంటుంది. మరీ లావు టైరు మడ్‌గార్డుకో, ఫోర్కుకో, బ్రేకుకో రాసుకుంటుంది. కొందరు టైరు దొరకలేదని రిమ్మునే వేరే సైజుకు మార్పించుకుంటారు. అప్పుడు బ్రేకు రబ్బర్లు రిమ్ముకు తగలాల్సిన చోట తగలవు. చక్రం తిరుగుతుంది, బ్రేకు మాత్రం పడదు.

దుకాణానికి వెళ్ళేముందు

ఒకటి. పాత టైరు మీది మిల్లీమీటర్ల సంఖ్య రాసుకోండి. "37-590 కావాలి" అని అడగండి. సంఖ్య లేని టైరు ఇస్తే వద్దనండి.

రెండు. పాత టైరు అరిగి సంఖ్య చెరిగిపోతే రిమ్ము మీద చూడండి. కొన్నిటి మీద 622 × 19 లాంటి గుర్తు ఉంటుంది. అక్కడ ముందున్నది వ్యాసం, వెనకది లోపలి వెడల్పు. టైరులో వెడల్పు ముందు, రిమ్ములో వ్యాసం ముందు, అంతే తేడా.

మూడు. ఏ గుర్తూ లేకపోతే టైరు తీసేసి రిమ్ము అంచు నుంచి అంచుకు టేపు పెట్టి కొలవండి. దానిలో పది, పన్నెండు మిల్లీమీటర్లు తీసేస్తే దాదాపు సరైన సంఖ్య వస్తుంది. 559 ఏది, 590 ఏది అని ఇలా తెలుస్తుంది. 584కూ 590కీ తేడా మాత్రం ఇలా పట్టుకోలేం. అలాంటప్పుడు చక్రాన్నే షాపుకు తీసుకెళ్ళండి.

నాలుగు. టైరు వేశాక కొంచెం గాలి కొట్టి చక్రం తిప్పి చూడండి. టైరు మీద రిమ్ము అంచుకు దగ్గరగా ఒక సన్నని గీత చుట్టూ ఉంటుంది. అది అంతటా రిమ్ముకు సమానమైన దూరంలో కనిపించాలి. ఒకచోట లోపలికి, ఒకచోట బయటికి ఉంటే గాలి తీసి మళ్ళీ సర్దాలి.

అయిదు. టైరు మీద గరిష్ట గాలి ఎంతో పీఎస్ఐ అంకెల్లో ఉంటుంది. దాన్ని దాటవద్దు. లారీలకు గాలి కొట్టే మిషన్‌తో పిల్లల సైకిల్‌కు కొట్టించేటప్పుడు పక్కనే నిలబడండి. బాణం గుర్తు ఉంటే చక్రం ముందుకు తిరిగే దిశలో ఉందో లేదో చూడండి.

అసలు నేను చెప్పదలచుకున్నది

మన పిల్లల సైకిళ్ళు పాడైపోయి మూలన పడటం లేదు. చాలావరకు చిన్న కారణంతోనే పడుతున్నాయి. కంపముల్లు గుచ్చుకుని ఒక పంచరు, పట్టని ఒక టైరు, రాసుకునే ఒక బ్రేకు. వాటిని పట్టించుకునే తీరిక మనకు లేదు, పట్టించుకోవడం పిల్లలకు నేర్పలేదు. నెల గడిచేసరికి "ఇంకా సైకిలేమిటి" అనే మాట వస్తుంది. ఆ తరువాత స్కూటీ తాళం చేతులు మారుతుంది.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండనివారు రోడ్డు మీద మోటారు బండి నడపకూడదు. 50 సీసీ లోపు గేర్లు లేని బండికి మాత్రం పదహారేళ్ళకు లైసెన్సు ఇస్తారు. మనం వాడే స్కూటర్లు ఆ కోవలోకి రావు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం పిల్లలు బండి నడిపి నేరం జరిగితే శిక్ష తల్లిదండ్రులకో, బండి యజమానికో పడుతుంది. మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లకు ఇరవయ్యైదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. జరిమానా కట్టుకోగలిగినవాళ్ళం కావచ్చు. దెబ్బ తగిలితే ఎవరు కట్టగలరు?

ఇంకో మాట మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. ఫీజు కట్టి చదివించే మనలో చాలామందికి సైకిల్ అంటే చిన్నతనంగా ఉంది. ప్రభుత్వ బడి పిల్లలకు ఇచ్చే వస్తువు అనుకుంటాం. మన పక్కనే కర్ణాటకలో ఎనిమిదో తరగతి పిల్లలకు, తమిళనాడులో ప్లస్ వన్ పిల్లలకు ప్రభుత్వాలు సైకిళ్ళు ఇచ్చాయి. బిహార్‌లో 2006లో ఆడపిల్లలకు సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టాక హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య మూడో వంతు దాకా పెరిగిందని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఆడపిల్ల ఇంకొకరి కోసం ఎదురు చూడకుండా తన వేళకు తను కదలగలగడం చిన్న విషయం కాదు. అది ఫీజు కట్టే ఇంట్లో పిల్లకూ అంతే అవసరం.

పిల్లల్ని లారీలు తిరిగే హైవే మీదికి పంపమని నేను చెప్పడం లేదు. కౌండిన్య అడవి అంచున ఉన్న పల్లెల్లో చీకటి పడితే ఏనుగుల భయం ఉంది, ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంటి నుంచి బస్సు దాకా, ట్యూషన్ దాకా, అంగడి దాకా ఉండే ఊరి దారుల గురించే చెబుతున్నాను. ఆ దారికి సైకిల్ చాలు, అది రోజూ కదిలే స్థితిలో ఉంటే.

బడి యాజమాన్యానికి కూడా ఒక విన్నపం. మన పిల్లలు ఒలింపియాడ్ లెక్కలు చేస్తారు. ఒక శనివారం ఆ పీరియడ్‌లోనే ఒక సైకిల్ చక్రం తెచ్చి, టైరు విప్పించి, అంకెలు చదివించి, మళ్ళీ వేయించండి. భిన్నాలు, దశాంశాలు, వ్యాసం, చుట్టుకొలత, పీడనం అన్నీ అందులో ఉన్నాయి. చెప్పడానికి మన ఊళ్ళలో పంచర్లు వేసే వాళ్ళనే పిలవండి. అంగుళాలకూ మిల్లీమీటర్లకూ ఉన్న ఈ తేడా నాకు మొదట చెప్పింది అలాంటి అబ్బాయే. పిల్లలు ఆయన్ని "సార్" అని పిలిచి నేర్చుకుంటే వాళ్ళకు రెండు పాఠాలు వస్తాయి.

గాలి నింపిన సైకిల్ టైరు ఎలా పుట్టిందో చెప్పి ముగిస్తాను. బెల్ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కుదుపులకు ఇబ్బంది పడుతున్నాడని రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. 1888లో దానికి పేటెంటు తీసుకున్నాడు. పిల్లవాడి సైకిల్ పక్కన కూర్చుని దాన్ని పట్టించుకున్న తండ్రి పని అది.

మా ఇంట్లో 37-590 టైరు వచ్చింది. ఈసారి అమ్మాయే షాపులో సంఖ్య చెప్పి అడిగింది. ఇంటికొచ్చాక పంచరు అబ్బాయి పక్కన కూర్చుని చూసి, రెండో చక్రానికి తనే టైరు విప్పి వేసింది. స్కూటీ తాళం నా దగ్గరే ఉంది. నేను పొరపాటున తెచ్చిన 559 టైరు పక్క వీధిలో గేరు సైకిల్ ఉన్న అబ్బాయికి సరిపోయింది.

ఈ రాత్రి అన్నం తిన్నాక మీ పిల్లలతో సైకిల్ దగ్గరికి వెళ్ళండి. టార్చి పక్కనుంచి వేసి ఆ చిన్న అంకెలు చదవమనండి. ఆ సంఖ్యను స్కూలు డైరీ వెనక పేజీలో రాయించండి.

— ఒక తల్లి, బైరెడ్డిపల్లె